రీయూనియన్ దీవిలో ఉంటూ మొనేరో కొనడం ఎలా? యానాం నుంచి సమాధానం

యానాంలో పుట్టి, ఫ్రెంచ్ పౌరసత్వంతో హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచ్ దీవి రీయూనియన్‌కు వెళ్లి, సెయింట్ డెనిస్‌లో ఉద్యోగం చేస్తున్న ఒకరి ప్రశ్న ఇది. లావాదేవీల వివరాలు బయటికి కనిపించని మొనేరో అనే క్రిప్టో కరెన్సీ కొందామని చూస్తే ఫోనులోని యాప్‌లలో ఆ పేరే కనిపించడం లేదట. కొన్ని యాప్‌లయితే ‘మీ ప్రాంతానికి సేవ లేదు’ అని మొదటి మెట్టులోనే ఆపేశాయట. ఇది నిషేధమా, దీవి కావడం వల్ల వచ్చిన చిక్కా? యానాంలో ఉన్న తమ్ముడి చేత రూపాయల్లో కొనిపించి తెప్పించుకోవచ్చా? అమ్మకు నెలనెలా పంపే డబ్బు కూడా ఇదే దారిలో పంపితే ఖర్చు తగ్గుతుందా? తమ్ముడికి టెలిగ్రామ్‌లో పరిచయమైన అమ్మకందారు ఒకడు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాడట.

నేను యానాంలోనే ఉంటాను. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించాక, ఫ్రాన్స్‌లోను రీయూనియన్‌లోను ఉన్న మనవాళ్ల పన్ను కాగితాలు చూసిపెట్టడం వ్యాపకంగా మారింది. మొనేరో సాఫ్ట్‌వేర్‌ను కూడా చాలాకాలంగా వాడుతున్నాను. కాబట్టి ఈ ప్రశ్న రెండు వైపులా నాకు తెలిసిందే.

ముందుగా సూటి జవాబులు. మొనేరోను మీ పేరుతో, మీ డబ్బుతో, రీయూనియన్‌లో ఉండే కొనుక్కోవచ్చు. దగ్గర ఉంచుకోవడం నేరం కాదు. దారి మాత్రం కొంత చుట్టు. తమ్ముడి పేరుతో కొనిపించడం వద్దు. అమ్మకు యూరోలే పంపండి. ఎందుకన్నది ఇక చెబుతాను.

వంతెన రాకముందు యానాం నుంచి ఎదుర్లంకకు పంటు మీద గోదావరి దాటేవాళ్లం. రేవులో ఎవరు ఎక్కారో అందరూ చూసేవారు, అవతలి రేవులో ఎవరు దిగారో కూడా చూసేవారు. నడి గోదావరిలో ఎవరు ఎవరికి ఏమి చేతిలో పెట్టారో ఎవరికీ తెలిసేది కాదు. మొనేరో గోప్యత కూడా అంతే. బ్యాంకు డబ్బు క్రిప్టోగా మారేచోట, క్రిప్టో మళ్లీ డబ్బుగా మారేచోట మీరు కనిపిస్తూనే ఉంటారు. ఆ రెండు చోట్ల దాక్కోవాలని ప్రయత్నించేవాళ్లకే ఇబ్బందులన్నీ వస్తాయి. అక్కడ మీ పేరు చెప్పుకుని, రసీదు ఉంచుకుని దాటేస్తే, మధ్యలోని గోప్యత చట్టబద్ధంగానే మీకు దక్కుతుంది. నా సలహా అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

యాప్‌లలో పేరెందుకు కనిపించడం లేదో చూద్దాం. బిట్‌కాయిన్ ఖాతా పుస్తకం అందరికీ తెరిచి ఉంటుంది. ఏ అడ్రసు నుంచి ఏ అడ్రసుకు ఎంత వెళ్లిందో ఎవరైనా చూడవచ్చు. 2014 ఏప్రిల్‌లో మొదలైన మొనేరోలో ఆ మూడూ కనబడవు. పంపేవారి సంతకం మరో పదిహేను పాత నాణేల మధ్య కలిసిపోతుంది, అంటే ఒక్కో సంతకానికి మొత్తం పదహారు అభ్యర్థులు ఉంటారు. అందుకునేవారికి ప్రతిసారీ ఒకసారి మాత్రమే పనికొచ్చే కొత్త అడ్రసు పుడుతుంది. మొత్తం ఎంతో కూడా 2017 నుంచి కప్పి ఉంటోంది. జీకాష్ లాంటి ఇతర క్రిప్టో నాణేల్లో గోప్యత వాడేవారి ఇష్టం. మొనేరోలో అందరికీ తప్పనిసరి. నియంత్రణ సంస్థలకు ఇబ్బంది కలిగించేది ఈ తప్పనిసరే.

ఐరోపా సమాఖ్య క్రిప్టో చట్టం, అందరూ ‘మికా’ అంటున్నది, 2024 డిసెంబర్ 30 నుంచి ఎక్స్ఛేంజిలకు, అంటే క్రిప్టో కొని అమ్మే సంస్థలకు, పూర్తిగా వర్తిస్తోంది. అజ్ఞాత సదుపాయం అంతర్నిర్మితంగా ఉన్న నాణేలను, వాటి యజమానులను, లావాదేవీల చరిత్రను గుర్తించగలిగితే తప్ప వ్యాపారానికి పెట్టకూడదని అందులో ఉంది. మొనేరో విషయంలో అది సాధ్యమయ్యే పని కాదు. క్రాకెన్ అనే ఎక్స్ఛేంజి ముందే సర్దుకుని 2024 అక్టోబర్ 31న ఐరోపా ఆర్థిక ప్రాంతపు ఖాతాదారులకు మొనేరో వ్యాపారం ఆపేసింది. మరో ఎక్స్ఛేంజి బైనాన్స్ అదే ఏడాది ఫిబ్రవరి 20న అన్ని దేశాలవారికీ తీసేసింది. మనిషికి మనిషి నేరుగా అమ్ముకునే లోకల్‌మొనేరో కూడా 2024 మే నెలలో మూసివేత ప్రకటించింది. 2027 జులై 10 నుంచి సమాఖ్య మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం ఇలాంటి నాణేలకు ఖాతాలు నడపడం సంస్థలకు పూర్తిగా నిషిద్ధం. ఈ నిబంధనలన్నీ సంస్థల మీదే. ఒక వ్యక్తి తన వాలెట్‌లో, అంటే నాణేల తాళాలు ఉండే సొంత సాఫ్ట్‌వేర్‌లో, మొనేరో ఉంచుకోవడాన్ని అవి నిషేధించడం లేదు. పాత వ్యాసాలు చదివి ‘ఫలానా యాప్‌లో ఒక్క నొక్కుతో కొనవచ్చు’ అనేవారి మాట ఇప్పుడు చెల్లదు.

ఇక దీవి సంగతి. రీయూనియన్ ఫ్రాన్స్‌లో భాగం, ఐరోపా సమాఖ్యలో కూడా భాగం, చలామణీ యూరో. అందుకే పైన చెప్పిన నిబంధనలు మీకు పారిస్‌లో ఉన్నవారితో సమానంగా వర్తిస్తాయి. న్యూ కాలెడోనియా, ఫ్రెంచ్ పాలినేషియా దీవులు సమాఖ్య బయట ఉన్నాయి, అక్కడి కరెన్సీ కూడా వేరు. కాబట్టి అక్కడి ఫ్రెంచివారు ఇచ్చే సలహాలు మీకు అతకవు. మీ ఖాతా నంబరు కూడా ఫ్రాన్స్‌లోని ఖాతాల్లాగే ఎఫ్‌ఆర్ అక్షరాలతో మొదలవుతుంది, యూరో బదిలీలు మామూలుగానే సాగుతాయి.

మరి ‘ప్రాంతానికి సేవ లేదు’ అని ఎందుకంటారు? చాలా యాప్‌ల దేశాల జాబితాలో రీయూనియన్‌కు ఫ్రాన్స్‌తో సంబంధం లేని విడి పేరు ఉంటుంది. పైగా మీ ఫోను నంబరు +33 కాక +262, పిన్‌కోడ్ 974తో మొదలవుతుంది. ఆ యాప్ తయారుచేసినవారు ఈ విడి పేరును ఐరోపా జాబితాలో చేర్చడం మరిచిపోతే, మీరు ఏదో మూడో దేశపు మనిషిగా లెక్కలోకి వస్తారు. ఇది చట్టం చేసిన పని కాదు, అజాగ్రత్త చేసిన పని. జాబితాలో రీయూనియన్ విడిగా ఉంటే అదే ఎంచుకోండి. లేకపోతే ఫ్రాన్స్ ఎంచుకుని 974 అడ్రసే రాయండి, అందులో అబద్ధం లేదు. పారిస్‌లోని బంధువు అడ్రసు పెట్టడం, వీపీఎన్‌తో వేరే ఊళ్లో ఉన్నట్టు కనిపించడం చేయవద్దు. అప్పటికి పని జరుగుతుంది కాని, డబ్బు బయటికి తీసే రోజున గుర్తింపు కార్డు మళ్లీ అడిగి ఖాతా స్తంభింపజేస్తారు. ఒక యాప్ ఆపితే ఖాతాదారుల సేవకు రాయండి, లేదా ఫ్రాన్స్‌లో అధికారికంగా నమోదైన మరో సంస్థకు వెళ్లండి. నమోదైన సంస్థల జాబితా ఫ్రెంచ్ మార్కెట్ల నియంత్రణ సంస్థ వెబ్‌సైటులో ఉంటుంది.

కొనే దారి ఇలా సాగుతుంది. మీ జీతం పడే ఖాతా నుంచి మీ పేరుతోనే ఉన్న ఎక్స్ఛేంజి ఖాతాకు యూరోలు పంపండి. బ్యాంకు నుంచి ఫోను వచ్చి ఎందుకని అడిగితే క్రిప్టో కొనడానికని నిజమే చెప్పండి. అక్కడ బిట్‌కాయిన్ గాని లైట్‌కాయిన్ గాని కొనండి. చిన్న మొత్తాలకు లైట్‌కాయిన్ మేలు, పంపే రుసుము నామమాత్రం. తర్వాత దాన్ని మీ సొంత వాలెట్‌కు తీసుకోండి. వెయ్యి యూరోలు దాటితే ఆ వాలెట్ మీదేనని రుజువు చూపమని ఎక్స్ఛేంజి అడుగుతుంది. సమాఖ్య నిధుల బదిలీ నిబంధన ప్రకారం అలా అడగడం వారి బాధ్యత. వెయ్యి లోపు ముక్కలుగా కోసి పంపితే ఆ ప్రశ్న తప్పించుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. పాటించకండి. ముక్కలు చేయడమే అనుమానపు గుర్తుగా వారి వ్యవస్థలో నమోదవుతుంది, పైగా మీరు దాచవలసింది అక్కడ ఏమీ లేదు.

సొంత వాలెట్‌కు వచ్చిన నాణేన్ని మొనేరోగా మార్చుకోవడం తరువాతి పని. ఇక్కడ ఎంపికలు చాలా ఉన్నాయి, వాటి మధ్య తేడా కూడా చాలా ఉంది.

అన్నిటికన్నా తేలిక మార్పిడి సేవ. కేక్ వాలెట్ లాంటి యాప్‌లో బిట్‌కాయిన్, లైట్‌కాయిన్, మొనేరో మూడూ ఒకేచోట ఉంటాయి, మార్పిడి బొత్తాం కూడా అందులోనే ఉంటుంది. వెనుక ఆ పని చేసేది వేరే సంస్థ. మీరు లైట్‌కాయిన్ పంపిన తర్వాత వారు మొనేరో పంపాలి. ఆ మధ్య కొన్ని నిమిషాలు మీ సొమ్ము పూర్తిగా వారి చేతిలో ఉంటుంది. మీ నాణెం గత చరిత్ర వారికి నచ్చకపోతే మధ్యలో ఆపి గుర్తింపు పత్రాలు అడుగుతారు. నమోదైన ఎక్స్ఛేంజి నుంచి నేరుగా తెచ్చిన నాణేనికి ఈ ఇబ్బంది అరుదు, రసీదు కూడా చేతిలో ఉంటుంది. రేటులో వారు తీసుకునే తేడా చూసి ఒప్పుకోండి. మొదటిసారి ఇరవై ముప్పై యూరోలతోనే చేసి చూడండి.

రెండోది అటామిక్ స్వాప్. బిట్‌కాయిన్‌కు మొనేరో ఇచ్చేవారితో ఎవరి మీదా నమ్మకం అవసరం లేకుండా, లెక్కల తాళాలతో జరిగే మార్పిడి ఇది. 2021 నుంచి వాడుకలో ఉంది. మీ కంప్యూటర్ గడువు లోపల తన వంతు పని చేసినంతవరకు, మొత్తం రెండువైపులా చేతులు మారుతుంది, లేదా ఎవరిది వారికి తిరిగొస్తుంది. ఇష్టమైన పద్ధతే కాని, కంప్యూటర్ మధ్యలో ఆపకుండా ఓపికగా కూర్చోవాలి.

మూడోది బిస్క్, హవేనో లాంటి కేంద్రం లేని బజార్లు. హవేనో సాఫ్ట్‌వేర్ మీద నడిచే రెటోస్వాప్‌లో యూరోల బదిలీతో నేరుగా మొనేరో కొనవచ్చు. అమ్మేవారి మొనేరోను ఉమ్మడి తాళంలో పెడతారు, గొడవ వస్తే మధ్యవర్తి తీరుస్తాడు. కొనేవారు కూడా సాధారణంగా మొనేరోలోనే కొంత ధరావతు పెట్టాలి. మొదటిసారి కొనేవారి దగ్గర అది ఎక్కడిది? కాబట్టి మొదటి కొద్దిపాటి మొనేరో మార్పిడి సేవలో తెచ్చుకుని, తర్వాత ఇక్కడికి రావడం మంచిది. ఇంకో మాట. ఇక్కడ కొనడం సరే, అమ్మడం మాత్రం వద్దంటాను. ముక్కూమొహం తెలియని మనిషి నుంచి మీ ఖాతాలోకి వచ్చే యూరోలు ఏ మోసపోయిన వృద్ధుడివో మీకు తెలియదు.

వాలెట్ విషయంలో నేను కొంచెం చాదస్తుణ్ణి. సాఫ్ట్‌వేర్‌ను అధికారిక సైటు నుంచే తెచ్చుకుని, ఫైలు ముద్రను, అంటే హ్యాష్‌ను సరిచూసుకోండి. ‘అధికారిక సైటు అయితే చాలదా’ అనవచ్చు. 2019 నవంబరులో మొనేరో అధికారిక సైటులోనే కొంతసేపు దొంగ ఫైలు ఉంది. ముద్ర సరిచూసిన ఒక వినియోగదారు తేడా గమనించాడు కాబట్టే బయటపడింది. సరిచూడనివారిలో కనీసం ఒకరు నాణేలు పోగొట్టుకున్నారు. కంప్యూటర్‌లో ఫెదర్ అనే వాలెట్ గాని, మొనేరో అధికారిక వాలెట్ గాని బాగుంటాయి. వాలెట్ తయారైనప్పుడు కొన్ని పదాలు ఇస్తుంది, అధికారిక వాలెట్ అయితే ఇరవై అయిదు, ఫెదర్ అయితే మామూలుగా పదహారు. ఆ పదాలే మీ ఆస్తి. ఆ రోజు తేదీని కూడా పక్కన రాసుకోండి. తర్వాత ఎప్పుడైనా వాలెట్‌ను తిరిగి తెరవాల్సివస్తే ఆ తేదీ నుంచి వెతకమని చెప్పవచ్చు, లేకపోతే 2014 నుంచి మొత్తం జల్లెడ పట్టుకుంటూ కూర్చుంటుంది. వచ్చిన మొనేరో పది బ్లాకుల (ఖాతా పుస్తకంలో చేరే లావాదేవీల కట్టల) వరకు, అంటే సుమారు ఇరవై నిమిషాలు, ఖర్చు చేయడానికి వీలుండదు. కొత్తవారు ఇది చూసి డబ్బు పోయిందని కంగారుపడతారు. 2025 సెప్టెంబరులో ఒక మైనింగ్ కూటమి, అంటే బ్లాకులు తయారుచేసే కంప్యూటర్ల గుంపు, పద్దెనిమిది బ్లాకుల చరిత్రను తిరగరాసిన సంఘటన తర్వాత, పెద్ద మొత్తమయితే నేను ఇరవై నిమిషాలతో సరిపెట్టుకోను, మరికొన్ని గంటలు ఆగుతాను.

తాళాలను విడిగా దాచే చిన్న పరికరం, అంటే హార్డ్‌వేర్ వాలెట్, తెప్పించుకోవాలనుకుంటే, దీవికి దిగుమతయ్యే సరుకుల మీద స్థానికంగా వేసే సముద్రపు సుంకం ఒకటి ఉందని మీకు తెలిసే ఉంటుంది. ధర చూసేటప్పుడు అది కలుపుకోండి. ట్రెజర్, లెడ్జర్ కంపెనీలు రెండింటికీ మొనేరో పనిచేసే నమూనాలున్నాయి, కంప్యూటర్ వాలెట్‌తో కలిపి వాడాలి. ఇంటి అడ్రసుకు కాక, వీలైతే దుకాణంలో తీసుకునేలా కొనండి. లెడ్జర్ ఖాతాదారుల్లో రెండున్నర లక్షలకు పైగా మంది పేర్లు, అడ్రసులు 2020 డిసెంబరులో బహిరంగమయ్యాయి. అదే సంస్థ సహవ్యవస్థాపకుడిని 2025 జనవరిలో ఫ్రాన్స్‌లో అపహరించి, డబ్బు కోసం వేలు నరికారు. గోప్యత కావాలని అడిగే ప్రతివాడూ దొంగేనని అనేవారికి నేను చూపించే ఉదాహరణ ఇదే. అదే కారణంతో మీరు మొనేరో కొన్న సంగతి చర్చి దగ్గరా, మారియమ్మ గుడి పండుగలోనూ చెప్పుకోనక్కర్లేదు.

ఆ పదాల కాగితం గురించి. మనం గోదావరి పక్క పెరిగినవాళ్లం. 1996 నవంబర్ 6 రాత్రి వచ్చిన తుపానులో కోనసీమలో ఎన్ని ఇళ్ల పెట్టెలు, పట్టాలు, పుస్తకాలు నీళ్లపాలయ్యాయో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. మీ దీవి మీద 2025 ఫిబ్రవరి 28న గరాన్స్ తుపాను పడింది. కాబట్టి కాగితం ఒక్కటే చాలదు. స్టీలు రేకు మీద అక్షరాలు కొట్టించి ఒకటి మీ దగ్గర, ఇంకొకటి వేరే ఊళ్లో ఉంచండి. యానాంలో అమ్మ దగ్గర రెండోది పెట్టాలనుకుంటే, పదాలకు అదనంగా మీకు మాత్రమే తెలిసిన రహస్య పదం జోడించే వీలు మొనేరోలో ఉంది. అప్పుడు రేకు ఎవరికి దొరికినా ఒంటరిగా పనికిరాదు. అయితే ఆ రహస్య పదం మీతోపాటే పోతే మీ భార్యాబిడ్డలకు కూడా దక్కదు. దాన్ని విడిగా ఒక సీలు కవరులో నోటరీ దగ్గర ఉంచడం మేలు.

పన్ను సంగతి తేలికగా తీసుకోవద్దు, చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. యూరోలతో క్రిప్టో కొన్నప్పుడు ఫ్రాన్స్‌లో పన్ను లేదు. లైట్‌కాయిన్ ఇచ్చి మొనేరో తీసుకున్నా పన్ను లేదు. మొనేరోను యూరోలుగా మార్చినప్పుడు, లేదా దానితో వస్తువో సేవో కొన్నప్పుడు పన్ను. ఏడాది మొత్తంలో ఇలా వదులుకున్న క్రిప్టో విలువ 305 యూరోలు మించకపోతే మినహాయింపు ఉంది. లాభం 305 కాదు, అమ్మకపు మొత్తం 305 అని గమనించండి. లాభం లెక్క కూడా విచిత్రంగా ఉంటుంది, ఒక్కో నాణేనికి విడిగా కాక మీ మొత్తం క్రిప్టో మీద వేయాలి. ఉదాహరణకు మీరు అన్నిటి మీద కలిపి 1000 యూరోలు పెట్టారు, ఇప్పుడు అన్నిటి విలువ 2000. అందులో 500 యూరోలవి అమ్మారు. అమ్మినది మొత్తంలో నాలుగో వంతు, కాబట్టి పెట్టుబడిలో నాలుగో వంతు 250 తీసేసి, మిగిలిన 250 లాభంగా చూపాలి. దీనికి 2086 ఫారం. అమ్మిన రోజున మీ దగ్గరున్న అన్ని నాణేల విలువ కూడా కావాలి కాబట్టి, ఆ రోజే రాసిపెట్టుకోండి.

2019 నుంచి ఈ లాభం మీద 30 శాతం ఏకరీతి పన్ను ఉండేది, అందులో 12.8 ఆదాయపు పన్ను, మిగతాది సామాజిక చందా. సామాజిక వంతును ఈమధ్య పెంచారు, దాఖలు చేసే ఏడాది రేటు ఫారంలో చూసుకోండి. రీయూనియన్ వాసులకు ఒక వెసులుబాటు ఉంది, పారిస్‌లో కూర్చుని రాసేవారికి ఇది గుర్తుకురాదు. శ్లాబుల ప్రకారం వచ్చే ఆదాయపు పన్నులో మీ దీవివారికి 30 శాతం తగ్గింపు ఉంది, గరిష్ఠంగా 2,450 యూరోల వరకు. 2023 నుంచి క్రిప్టో లాభాన్ని కూడా ఏకరీతి పన్ను బదులు శ్లాబుల కిందకు తెచ్చుకోవచ్చు. జీతం మధ్యస్థంగా ఉన్నవారు రెండు పద్ధతుల్లోనూ లెక్క వేసి చూసుకోవాలి.

విదేశీ సంస్థలో ఖాతా ఉంటే, అందులో ఒక్క యూరో లేకపోయినా, 3916-బిస్ ఫారంలో చెప్పాలి. చెప్పకపోతే ఖాతాకు 750 యూరోల జరిమానా. ఐరోపాలో ప్రసిద్ధమైన ఎక్స్ఛేంజిలు చాలావరకు ఫ్రాన్స్ బయట నమోదైనవే కాబట్టి దాదాపు అందరికీ ఈ ఫారం అవసరం. 2026 జనవరి నుంచి ఎక్స్ఛేంజిలు ఖాతాదారుల వివరాలు పన్ను శాఖలకు ఇవ్వడానికి సేకరిస్తున్నాయి. మీరు చెప్పకపోయినా వారు చెబుతారు.

మరో ముఖ్యమైన విషయం. 2025 జూన్ 13 నాటి మాదకద్రవ్యాల వ్యాపార నిరోధక చట్టం తర్వాత, అజ్ఞాత సదుపాయం ఉన్న క్రిప్టోతో జరిగిన లావాదేవీలను మనీ లాండరింగ్ అనుమానంతో చూసే వీలు ఫ్రెంచ్ అధికారులకు పెరిగింది. డబ్బు ఎక్కడిదో చూపించుకోవలసిన భారం మీ మీద పడవచ్చు. అందుకే జీతపు ఖాతా నుంచి మొదలుకొని మొనేరో చేరేవరకు ప్రతి మెట్టుకూ ఆధారం భద్రంగా ఉంచుకోమంటున్నాను. ఎక్స్ఛేంజి రసీదు, లావాదేవీ సంఖ్య, మార్పిడి సేవ పేజీ, ఆ రోజు రేటు చాలు. మొనేరోలో కూడా మీరు కోరుకుంటే ఫలానా చెల్లింపు చేశానని రుజువు తీయవచ్చు. వాలెట్‌లో ‘చూసే తాళం’ ఒకటి విడిగా ఉంటుంది, అది ఇస్తే మీకు వచ్చినవి చూడగలరు కాని ఖర్చు చేయలేరు. ఇతరులకు కనిపించదన్నమాటే గాని, మీరు చూపించలేరని కాదు. ఈ తేడా చాలామంది విమర్శకులకు తెలియదు, కొంతమంది అభిమానులకు కూడా తెలియదు.

ఇక తమ్ముడి దారి. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి ఇక్కడ పెట్రోలు, మద్యం ధరలు పక్కనున్న కాకినాడ జిల్లాతో పోలిస్తే వేరుగా ఉంటాయి. దాంతో అన్ని చట్టాలూ వేరేమో అనుకునేవారు మా ఊళ్లో తక్కువేం కాదు. ఆదాయపు పన్ను, విదేశీ మారకం, మనీ లాండరింగ్ నిరోధం, ఇవన్నీ దేశమంతటికీ ఒక్కటే. ఇక్కడ క్రిప్టో లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. నష్టాన్ని వేరే లాభంలో సర్దుకునే వీలు లేదు. 2022 జులై నుంచి అమ్మకం మీద 1 శాతం మూలంలోనే కోత. ఒక నాణెం ఇచ్చి ఇంకొకటి తీసుకున్నా ఇక్కడ అమ్మకమే. మీకు ఫ్రాన్స్‌లో పన్ను లేని మార్పిడికి మీ తమ్ముడికి యానాంలో పన్ను పడుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు ఆ ఆస్తి ఎవరిదన్నది. ఆయన ఖాతా నుంచి ఆయన పేరుతో కొన్నది లెక్కల్లో ఆయనదే. దాన్ని దేశం బయట ఉన్న మీకు పంపడం విదేశీ మారకపు చట్టం కింద ప్రశ్న లేవనెత్తుతుంది. మీ వైపు చూస్తే, మీ చేతికి వచ్చిన మొనేరోకు కొన్న ఆధారం ఉండదు. పైన చెప్పిన ఫ్రెంచ్ చట్టం ఉండగా అంతకన్నా చెడ్డ స్థితి లేదు. మీకున్న నేరైన దారిని వదిలి, ఇద్దరూ రెండు దేశాల్లో జవాబు చెప్పుకునే దారి ఎందుకు పట్టాలి?

అమ్మకు పంపే డబ్బు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. మీ ఖాతా నుంచి ఆమె పొదుపు ఖాతాకు బ్యాంకు ద్వారానో, నమోదైన బదిలీ సంస్థ ద్వారానో యూరోలు పంపండి. కొడుకు తల్లికి ఇచ్చే డబ్బు మీద ఇక్కడ ఆమెకు పన్ను లేదు. క్రిప్టోగా పంపితే ఆమె దాన్ని రూపాయలు చేసుకోవడానికి ఎక్స్ఛేంజి ఖాతా తెరవాలి, గుర్తింపు పరీక్షలు పూర్తి చేయాలి, రిటర్నులో విడిగా చూపాలి. రుసుములో మిగిలేది ఆ శ్రమకు సరిపోదు. పెద్దవయసు వారి ఫోనులో క్రిప్టో యాప్ ఉండటం నాకు అసలే ఇష్టం లేదు.

టెలిగ్రామ్ అమ్మకందారు సంగతి చివరగా. అతడు నిజంగా మొనేరో ఇస్తాడో ఇవ్వడో అటుంచి, డబ్బు వేయమని ఇచ్చే ఖాతా చాలాసార్లు అతడిది కానేకాదు, కమీషన్‌కు అద్దెకు తీసుకున్న ఎవరో కూలీదో విద్యార్థిదో అయి ఉంటుంది. ఆ ఖాతా మీద ఎక్కడో ఫిర్యాదు నమోదైతే, దానితో లావాదేవీ జరిపిన ఖాతాలకు కూడా సైబర్ పోలీసుల ప్రశ్నలు వస్తాయి, కొన్నిసార్లు ఖాతాలోని సొమ్ము స్తంభించిపోతుంది. తమ్ముడు ఇంకా డబ్బు వేయకపోతే ఈ రోజే ఆపమనండి. వేసి, అవతలివాడు జవాబివ్వడం మానేస్తే, బతిమాలుతూ రోజులు గడపకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయమనండి. తొలి గంటల్లో చేసిన ఫిర్యాదుకే డబ్బు మధ్యలో ఆగే అవకాశం ఎక్కువ. చెల్లింపు రిఫరెన్సు సంఖ్య, సంభాషణ తెరచిత్రాలు, అతడిచ్చిన ఖాతా వివరాలు చెరిపేయకుండా ఉంచుకుని, తన బ్యాంకు శాఖకు కూడా అదే రోజు రాతపూర్వకంగా తెలియజేసి, ముట్టినట్టు సంతకం తీసుకోమనండి.